ద్రాక్షగుత్తుల కూజా

నర్సీపట్నం బజార్లో పాత సామాన్ల కొట్టు పెట్టిన కొత్తలో, కలకత్తా వేలంపాటల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చానని చెప్పుకునేవాణ్ణి. దొరల పింగాణీ, గాజు, వెండి నా చేతుల మీదుగా బళ్లకొద్దీ వెళ్లాయనేవాణ్ణి. కలకత్తా వెళ్లిన మాట నిజమే. జ్వరం తగిలి సత్రంలో పడుకుని, తగ్గగానే రైలెక్కి వచ్చేశాను. విశాఖపట్నంలో ఒక పాత ఫర్నిచర్ కొట్లో దుమ్ము దులపడమే నా చదువంతా. అయినా ఊరు నమ్మింది. నమ్మేలా చెప్పడం నాకు వచ్చు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి వేసవిలో మిషన్ చర్చి సంఘ పెద్ద అయిన ఒక రిటైరైన మాస్టారు నడివయసావిడ ఒకరిని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చారు. ఆవిడ తువ్వాలు విప్పి గాజు కూజా ఒకటి బల్ల మీద పెట్టింది. పొడుగాటి మెడ, దాని చుట్టూ వెండిలా మెరిసే తొడుగు, తొడుగు మీద ద్రాక్షతీగలు, గుత్తులు. ఆకుల ఈనెలు కూడా కనిపించేంత నాజూకు పని.

"మాయమ్మ మిషన్ బంగళాలో ఆయాగా సేసిందండి. దొరసాని గారు సీమకెళ్లిపోతా దీన్ని మాయమ్మ సేతిలో ఎట్టారు" అంది.

ఎండుద్రాక్ష ఉడికించి, వడకట్టి, ఆ రసం కూజాలో పోసి, నెలనెలా చర్చిలో అందరికీ తలో గుక్క పంచే ప్రభువు బల్ల మీద పెట్టడం తల్లి తర్వాత ఆవిడకొచ్చిన పని. సంఘంలో ఆవిడకు ఉన్న మర్యాదంతా ఆ కూజాతోనే.

"వెండిదైతే చర్చి బీరువాలో పెట్టి తాళం వేద్దామని. కాదంటే వీళ్లింట్లోనే ఉంటుంది. తమరు చూసి చెప్పాలి" అన్నారు మాస్టారు.

పిడి అడుగున అరిగిన చోట తుడిచి చూస్తే పసుపు తేలింది. ఇత్తడి మీద వెండి పూత. ఆ మాట సరిగ్గానే చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. కానీ కొట్లో టీ తాగుతున్న వాళ్లంతా నావైపే చూస్తున్నారు. పూత అని చెప్పడానికి కలకత్తా దాకా వెళ్లిరావాలా? కూజాని ఎండకెత్తి, ఒక కన్ను మూసి, గోటితో టంగుమనిపించాను.

"ఇది దొరల మందు కూజా మాస్టారూ. ద్రాక్షగుత్తులు కనబడ్డం లేదా? మందు పోసేదానికే ఆ గుర్తు వేస్తారు. క్లబ్బుల్లో ఎన్ని చూశాను!"

దొరసాని అందులో ఏం పోసేదో నాకేం తెలుసు? ద్రాక్షగుత్తులు వాళ్ల చర్చిలో బల్లగుడ్డ మీద కూడా కుట్టి ఉంటాయని తర్వాతెప్పుడో తెలిసింది.

"అదేటండీ బాబూ? మాయమ్మకి సారా కూజా ఇచ్చారా?" అంది ఆవిడ.

"దొరసానమ్మ సాటుగా ఏసుకునేదేటో!" అన్నాడు టీ గ్లాసు పట్టుకున్నవాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

మందు కూజా పనికిరాదని మరుసటి నెల నుంచి ప్రభువు బల్ల మీదికి స్టీలు జగ్గు వచ్చింది. మాస్టారే చెప్పి, నాకు కృతజ్ఞతలు కూడా తెలిపారు. రసం కాచే పని ఇంకెవరికో ఇచ్చారట. నేను తలూపాను.

చాన్నాళ్ల తర్వాత బస్టాండులో ఆవిడ ఎదురుపడింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"బాబూ, ఒక్క మాట సెప్పండి. అది సారా కూజా అని మాయమ్మకి తెలిసే ఉంటాదంటారా? తెలిసే బల్ల మీద ఎట్టుంటాదా?"

"నాకు తెలీదమ్మా. కూజా సంగతే తెలీదు. ఊహించి చెప్పేశాను" అన్నాను.

"తెలీదా?"

"తెలీదు."

"మరి తెలీదని ఆయేళ సెప్పీడానికి ఏటొచ్చిందండీ?" చేతిసంచీ భుజాన వేసుకుని, "ఆదారం నాడు గుడికొచ్చి ఆ ముక్కే సెప్పీండి. నాకింకేటీ వొద్దు" అంది.

ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లాను. కూజా గురించి ఒక మాట చెప్పాలని ముందే అనడంతో, ఆరాధన అయ్యాక మాస్టారు నన్ను ముందుకు పిలిచారు. చాపల మీద ఆడవాళ్లు, బెంచీల మీద మగవాళ్లు, అన్ని మొహాలూ నావైపే. 'నాకు తెలీదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం, "కలకత్తాలో పెద్ద నిపుణుల దగ్గర విచారించాను. ఇది ఆరాధన కోసమే ప్రత్యేకంగా చేయించిన పాత్రని తేలింది" అని వచ్చింది.

"స్తోత్రం!" అన్నారు ఎవరో. చప్పట్లు కొట్టారు. మాస్టారు మొహం వెలిగిపోయింది. "అమ్మా, వచ్చే నెల నుంచి మళ్లీ నువ్వే తేవాలి!"

ఆవిడ లేచి నిలబడింది. "వొద్దండి. జగ్గే ఉంచండి."

"అదేంటమ్మా, బాబుగారు అంత కష్టపడి కనుక్కున్నాక?"

"అందుకేనండి" అని కూర్చుంది.

బయట ఆవిడ వెనకాలే పరిగెత్తినట్టు వెళ్లాను. "నీ మంచికే కదమ్మా అలా చెప్పాను!"

"మాయమ్మ అబద్ధమాడి దాన్ని బల్ల మీద ఎట్టలేదండి. నానూ ఎట్టను" అని చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయింది.

ఇంతలో మాస్టారు వచ్చి, చెయ్యి పట్టి తీసుకెళ్లి టీ ఇచ్చారు. సంఘమంతా ఇంకా ఆవరణలోనే ఉంది. 'నాకు తెలీదు' అని ఒక్క కేక వేస్తే అందరికీ వినబడుతుంది. నేను టీ మెల్లగా తాగి, చాలా బాగుందని చెప్పి, ఇంటికొచ్చేశాను.