తడి గరిటె

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి నేనొక గరిటె కడిగాను. తుడవలేదు. పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువు అంతే. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా నాలుగిళ్ల తెలుగువాళ్లం ఏటా వేసవిలో సరోజ ఆంటీ గరాజ్‌లో ఒకే పెద్ద జాడీలో ఆవకాయ పెట్టేవాళ్లం. పక్కింటి డెలోరిస్ కూడా వచ్చేది. డెబ్బై దాటిన నల్లజాతి ఆవిడ. ఒంటరిగా ఉండేది. వాళ్లమ్మ లూసియానాలో నేర్పినట్టే బెండకాయలు ఊరబెట్టి మాకు ఇంటికో సీసా ఇచ్చేది. సీసాలో తడి చెంచా పెడితే వాళ్లమ్మ చేతి మీద కొట్టేదట.

మూడో రోజు ఆవకాయ తిరగకలపాలి. ఆ ఏడు అది ఆదివారం. నేనే ముందు వెళ్లాను. అందరికంటే ముందు రుచి చూడాలన్న ఆత్రం. తడి గరిటెను అడుగుదాకా దించి తిప్పాను. అప్పుడు డెలోరిస్ వచ్చి గరిటె అందుకుంది. కాడ పట్టుకోగానే ఆగింది. తన అరచేయి చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. ఏప్రన్‌తో కాడ తుడిచి కలపసాగింది. మిగతావాళ్లు వచ్చేసరికి గరిటె ఆమె చేతిలో ఉంది.

రెండు వారాలకు పంచుకోవడానికి అందరం చేరాం. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పక ముందే వాసన వచ్చింది. ముక్కల మీద తెల్లటి బూజు.

"తడి తగిలింది. ఆ రోజు కలిపిందెవరు?" అంది సరోజ ఆంటీ.

"ఇంకెవరాంటీ, డెలోరిసే. నేను చూశాగా," అంది ఎదురింటి మాధవి.

"అంతేలే. మనవాళ్లు తడి చెయ్యి పెట్టరమ్మా," అంది ఆంటీ.

"హ్యాండ్ శానిటైజర్ కూడా రాసుకుని కలిపుంటుంది!" అంది మాధవి.

నవ్వారు. డెలోరిస్‌కు తెలుగు రాదు. తన పేరు మాత్రం వినబడుతుంది కదా. నా వైపు తిరిగి, "నా గురించేనా, హనీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"కాదు. ఎండ గురించి," అన్నాను.

ఆమె నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను నోరు విప్పడానికి సమయం ఇచ్చిందా? అప్పట్లో భయపడ్డానని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ గరాజ్‌లో నన్ను భయపెట్టేవాళ్లెవరూ లేరనీ, నింద ఆమె మీదైతే అందరూ తేలిగ్గా నమ్ముతారని నాకు ముందే తెలుసుననీ, ఆ తేలికనే వాడుకున్నాననీ ఇప్పుడు రాస్తున్నాను.

మరుసటి వేసవిలో ఆమెను పిలవలేదు. వద్దని ఎవరూ అనలేదు. మేం మామిడికాయలు కొడుతుంటే ఆమె కిటికీ తెర కొంచెం తొలగేది. మళ్లీ మూసుకునేది. ఆ ఏడూ ఆమె మా గుమ్మాల ముందు బెండకాయ సీసాలు పెట్టింది. నా సీసా మూత మీద మడిచిన పొడి గుడ్డ ఉంది. మిగతావాళ్ల సీసాల మీద లేదు.

పోయిన నెల ఆమె చనిపోయింది. చర్చిలో చివరి వరసలో కూర్చున్నాను. ఆమె కూతురు నా చేతులు పట్టుకుని, అమ్మ మీ గురించి మంచిగా చెప్పేది అంది. అప్పుడూ చెప్పలేదు.

ఆ వీధిలో ఇప్పుడు ఎవరూ బెండకాయలు ఊరబెట్టడం లేదు. నేను ఆవకాయ కలపడం లేదు.