అడుగున కొత్త రంగు

మా ఆయన బతుకంతా బోటు మీదే గడిపిన మనిషి. చెక్క మీద వేళ్లతో కొట్టి, వచ్చిన చప్పుడును బట్టి అది ఇంకెంతకాలం నీళ్లలో నిలుస్తుందో చెప్పేవాడు. మా జువ్వలదిన్నెలో పాత బోటు కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుపోయి చూపించనిదే అడ్వాన్సు ఇచ్చేవాళ్లు కాదు. అందుకే పాత కారు కొందామని మేము అనుకున్నప్పుడు, ఇక ఇంకెవరి సలహా అక్కర్లేదని ఆయనే తేల్చేశాడు. బోటు వేరు, కారు వేరు అని నేనంటే, "రెండూ మనుషుల్ని మొయ్యాల్సినవే గదా" అన్నాడు. ఆయనతో వాదించడం నాకు కొత్త కాదు గానీ, ఎందుకో ఆ పూట ఊరుకున్నాను.

కారు మాకు షోకుకు కాదు. కిడ్నీలు పాడై ఆయన నెల్లూరుకు డయాలసిస్‌కు పోతున్నాడు. మొదట్లో బాడుగ బండ్లలో తిరిగాం. ఒక రోజు కొడవలూరు దాటాక బండి హైవే మీద ఆగిపోయింది. డ్రైవరు ఎవరెవరికో ఫోన్లు చేసుకుంటూ ఎండలో నిలబడ్డాడు. ఇంకో బండి దొరికి మేము ఆసుపత్రి చేరేసరికి ఆయన వంతు వేరేవాళ్లకు ఇచ్చేశారు, మర్నాడు రమ్మన్నారు. అప్పటిదాకా పడుకుంటే ఊపిరాడక, నా భుజానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఇక ఆసుపత్రికి బాడుగ బండిని నమ్ముకునేది లేదని అప్పుడే అనుకున్నాను.

డ్రైవింగు నాకు వచ్చు. చేపల వ్యాపారం చేసిన రోజుల్లో ఐసు పెట్టెల బండిని కావలి మార్కెట్టు దాకా నేనే తోలేదాన్ని. అయితే మాకు ఎత్తుగా ఉండే ఎస్‌యూవీయే కావాలి. వానాకాలం మా రోడ్డు మీద నీళ్లు నిలబడతాయి. పైగా వాచిన కాళ్లతో ఆయన చిన్న కారులోకి ఒంగి ఎక్కలేడు, వచ్చేటప్పుడు వెనక సీట్లో నడుం వాల్చడానికి చోటు కావాలి.

వెంకటాచలం దగ్గర హైవే పక్కన పాత కార్లు అమ్మే యార్డు ఒకటి ఉందంటే వెళ్లాం. అక్కడ తెల్లటి ఎస్‌యూవీ ఒకటి తళతళలాడుతూ నిలబడి ఉంది. మా ఆయన పై రంగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మెల్లగా గొంతుకూర్చుని బండి అడుగు చూశాడు. లేచేటప్పటికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏమ్మే, కింద చూడు. అడుగంతా కొత్తగా రంగేసినారు. ఇది బాగా చూసుకున్న బండి" అన్నాడు.

నేనూ వంగి చూశాను. నల్లగా, నున్నగా, ఎక్కడా చిన్న మచ్చ లేదు. నాకూ నమ్మకం కుదిరింది. మా ఊళ్లో వేట నిషేధం వచ్చిందంటే బోట్లన్నీ ఒడ్డుకెక్కుతాయి. అడుగు గోకి, సందుల్లో దూది కూరి, రంగు వేస్తారు. అడుగుకు రంగు పడని బోటు చూస్తే దాని యజమాని సోమరి అని లెక్క. పుట్టినప్పటి నుంచీ అదే చూసిన వాళ్లం. అడుగున కొత్త రంగు కనిపిస్తే మెచ్చుకోవడమే గానీ, అది ఎందుకు వేశారని అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అడ్వాన్సు కోసం సంచీలో చెయ్యి కూడా పెట్టాను.

సంచీలో డబ్బు కంటే ముందు ఇంటి తాళంచెవి చేతికి తగిలింది. మా ఆయన బోటు చూసేటప్పుడు చప్పుడుతో సరిపెట్టుకోడు, అనుమానం ఉన్నచోట చాకు మొన గుచ్చి చూస్తాడు. ఇక్కడ ఆ సంగతే మరిచిపోయాడు. ఆయన్ని ఆటపట్టిద్దామని, "నీ పని నేను చేస్తా ఉండు" అంటూ తలుపు కింది అంచు లోపలివైపు తాళంచెవితో నొక్కాను. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడైంది. తాళంచెవి లోపలికి దిగిపోయింది. లాగితే రంగు పెచ్చు ఊడి, దాని వెనకాల ఎర్రటి తుప్పు పొడిపొడిగా రాలింది.

అమ్మే అతను ఏమీ జరగనట్టే నిలబడి, "సముద్రం పక్కన తిరిగిన బండి గదక్కా, ఆ మాత్రం ఉంటాది" అన్నాడు.

"ఉంటే ఉండనీ, దాని మీద రంగెందుకు పూసినారు?" అని అడిగాను. నా గొంతు పెరిగితే ఎలా ఉంటుందో మా వీధి వాళ్లకు తెలుసు, ఆ యార్డు వాళ్లకూ తెలిసింది. మా ఆయన మాత్రం పోయి, మేము వచ్చిన ఆటోలో కూర్చున్నాడు. దారిలో, "మనం గోకినాకనే రంగేస్తాం గదా. అందరూ అంతే అనుకున్నా" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద జాలీ వేసింది.

తర్వాత చూసిన బండి మనుబోలులో ఒక రైతుది. చూడ్డానికి ఏమంత బాగాలేదు. ఒక పక్క తలుపు గీసుకుపోయి ఉంది, అడుగున పొలం మట్టి ఎండి పెళ్లలు కట్టింది. ఈసారి నేనే పడుకుని, మట్టి రాల్చి, కనబడినచోటల్లా తాళంచెవితో పొడిచాను. గట్టి ఇనుము. చల్లగా ఉన్నప్పుడే ఇంజను అసలు సంగతి తెలుస్తుందని, మేము వచ్చేలోపల ఆన్ చెయ్యొద్దని ఫోన్లో ముందే చెప్పాం. బానెట్టు మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంది. తాళం తిప్పగానే స్టార్టయింది, పొగ రాలేదు.

"ఏసీ సరిగ్గా రాదు. వెనక అద్దం ఒకటి దిగదు. చెప్పకపోతే తర్వాత తిట్టుకుంటారు" అన్నాడు ఆ రైతు.

గూడూరు దాకా నేనే నడిపి వెనక్కి తెచ్చాను. బ్రేకు వేస్తే పక్కకు లాగలేదు, గేర్లు మొరాయించలేదు. నాకు నచ్చింది. ఇక మాట ఖాయం చేసుకోవడమే అనుకుంటుండగా మా ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, "స్టెప్నీ తీసి ముందు టైరు మార్చు" అన్నాడు.

ఎండకు నెత్తి మాడుతోంది. రైతు మర్యాదకొద్దీ జాకీ తీసుకుని ముందుకొచ్చాడు. మా ఆయన చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వు రాబాక అన్నా. ఆమె చెయ్యాల" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పరాయివాళ్ల వాకిట్లో నన్ను ఇలా కూలిదానిలా నిలబెడతాడా అనిపించింది. నట్లు బిగుసుకుపోయి కదల్లేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని స్పానరు మీద ఎక్కి తొక్కితే అప్పుడు కిర్రుమన్నాయి. జాకీ ఎత్తాను, టైరు లాగాను, స్టెప్నీ ఎత్తి ఎక్కించలేక రెండుసార్లు కింద పడేశాను. ఆయన కదల్లేదు, ఇలా చెయ్యి అలా చెయ్యి అని కూడా అనలేదు. చివరి నట్టు బిగించి, స్పానరు నేల మీదికి విసిరేశాను.

"ఏందయ్యా, నువ్వు బండిని చూస్తా ఉండావా, నన్ను చూస్తా ఉండావా?"

"నిన్నే" అన్నాడు. "ఎంత మంచి బండైనా ఏదో ఒకరోజు ఆగిపోతాది. ఆ రోజు నేను వెనక సీట్లో పడుంటా. ఈ చేత్తో బరువెత్తేదానికి లేదు" అని డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి చూపించాడు. "మొన్న కొడవలూరు కాడ బండి ఆగినప్పుడు, వచ్చే పోయే వాళ్లందరికీ చెయ్యి ఎత్తి దండం పెడతా ఉన్నావు. సీట్లో నుంచి చూస్తానే ఉండినా. నువ్వు ఇంకెవరికీ అట్టా దండం పెట్టబాక."

నేను దండం పెట్టిన సంగతి నాకే గుర్తులేదు. అంత జబ్బులో, ఊపిరి కోసం కొట్టుకుంటున్న మనిషి దాన్ని చూసి, ఇన్ని రోజులు లోపలే మోశాడు. నాకు ఏడుపొచ్చింది. రైతు చూస్తున్నాడని నీళ్ల మోటారు దగ్గరికి పోయి, చేతుల మసి కడుక్కునే వంకతో మొహం కూడా కడుక్కున్నాను.

బండి తీసుకున్నాం. కాగితాల్లో పేరు మార్పించుకున్నాక దాంట్లో మొదటిసారి ఆసుపత్రికి బయల్దేరిన రోజు ఆయన కోసం పక్క సీటు వెనక్కి జరిపి పెట్టాను. ఎవరి బండి ఎక్కినా డ్రైవరు పక్కనే కూర్చుని, దారి పొడుగునా రోడ్డు మీద నుంచి చూపు తిప్పని మనిషి ఆయన. ఆ పూట మాత్రం వెనక తలుపు తనే తీసుకుని ఎక్కి, కాళ్లు చాపుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. దారి మొదట్లోనే, బిట్రగుంట దాటకముందే గురక వినిపించింది.