సోమవారానికో మెనూ

మా కృపానిధి ఏదీ తేల్చుకోలేడు. అనకాపల్లి రైతుబజారులో అరకిలో వంకాయలకి అరగంట తీసుకుంటాడు. ఏరినవి పెట్టేసి, పెట్టేసినవే మళ్ళీ ఏరతాడు. "అవి వంకాయలు బాబూ, పెళ్ళికూతుళ్ళు కావు!" అని కూరగాయలమ్మే నూకరత్నం ఒకనాడు తక్కెడ కింద పడేసింది.

అలాంటివాడు రెండువేల ఎనిమిదిలో నా జిరాక్సు షాపు పక్క గదిలో కంప్యూటర్ క్లాసులు పెట్టాడు. ఎవరో వదిలించుకున్న నాలుగు పాత కంప్యూటర్లు తెచ్చాడు. విండోస్ వేస్తే, అది తెరుచుకునేలోపు పిల్లలు టిఫిన్ చేసి వచ్చేవారు. అందుకని ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించాడు. అందులో తెర మీద కనిపించే రూపాన్ని, అదే డెస్క్‌టాప్‌ని, చొక్కా మార్చినట్టు మార్చుకోవచ్చట. తేలికైనది వేస్తే ముసలి మిషను కూడా పరిగెడుతుందట. ఇంకేం! కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

మొదటి సోమవారం అలాంటి తేలిక రకం ఒకటి, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాడు. చక్కగా నడిచింది.

"బాగుంది కదా, ఉంచీవోయ్," అన్నాను.

"బాగానే ఉంది బావా. ఇంకోటి కూడా సూద్దాం."

రెండో వారం ఐస్‌డబ్ల్యూఎం. ప్రోగ్రాములన్నీ వరసగా చూపించే మెనూ పైనుంచి కింద ఎడమ మూలకి దిగిపోయింది. మూడో వారం ఫ్లక్స్‌బాక్స్. మెనూ ఎక్కడా లేదు! ఖాళీ తెర మీద మౌస్ కుడి మీట నొక్కితే తప్ప బయటికి రాదు. పిల్లలు వస్తూనే "మాస్టారూ, ఇయ్యాల మెనూ ఎక్కడుందండీ?" అనడం, మావాడు "ఎతకండమ్మా, ఎక్కడికెళ్ళిపోద్ది!" అనడం మామూలైపోయింది.

మాకవరపాలెం నుంచి బస్సులో వచ్చే పద్మకుమారికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. వైజాగ్‌లో ఒక ఆసుపత్రివాళ్ళు నెలాఖరున కంప్యూటర్ పరీక్ష పెడుతున్నారు. నెగ్గితే ఉద్యోగం. లేకపోతే జీడిపిక్కలు కొట్టే పనికి పొమ్మన్నారు ఇంట్లో.

"సింహాచలం గారూ, మీరైనా సెప్పండి. పరీచ్చ దగ్గరికొచ్చేసింది. వారానికో తెరైతే నానేటి నేర్సుకుంటాను?" అని నా షాపుకొచ్చి మొరపెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "నీ పిచ్చికి ఆ పిల్ల బతుకు పోయీలా ఉంది. ఏదో ఒకటి తేల్చి చావరాదా!" అని కృపానిధి మీద అరిచాను.

"వచ్చే వారానికి ఇంకోటుంది బావా," అన్నాడు నవ్వుతూ.

పరీక్షనాటి సాయంత్రం పద్మకుమారి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఆళ్ళ కంప్యూటర్లు కొత్తవండి మాస్టారూ! అలాంటి తెర ఎవులూ సూసుండరు. అందరూ బిక్కసచ్చిపోయి కూకున్నారు. నానైతే అక్కడో నొక్కు, ఇక్కడో నొక్కు నొక్కీసేను, మెనూ వచ్చేసింది. లెటరు కొట్టీసి, సేవ్ సేసీసి, అందరికంటే ముందు లెగిసిపోయేను. డ్యూటీకి రమ్మన్నారండి!"

ఆమె వెళ్ళాక కృపానిధిని నిలదీశాను. "ఇంతకీ వాటిల్లో ఏది మంచిదో ఇప్పటికైనా తేలిందా?"

"మొదటి వారమే తేలిపోయింది బావా. ఎక్స్‌ఎఫ్‌సీఈ సాలు."

"మరి ఈ తైతక్కలన్నీ ఏటి?"

తల గోక్కున్నాడు. "డిగ్రీ అయ్యేక నేనూ వైజాగ్‌లో ఒక ఉద్యోగానికెళ్ళేను. ఆళ్ళ తెర నేను నేర్సుకున్నట్టు లేదు. భయమేసి, మౌస్ ముట్టుకోకుండానే లెగిసొచ్చేసేను. మన పిల్లలు అలా రాకూడదు కదా."

అరిచినందుకు సిగ్గేసింది. నాకు నలభై ఆరేళ్ళు. పక్క గదిలోనే నాలుగు కంప్యూటర్లున్నా, ఒక్కసారి ముట్టుకోవడానికి భయపడి గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆవేళ చెప్పాను.

కృపానిధి కుర్చీ లాగి, "కూకో బావా," అన్నాడు.

చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూర్చున్నాను.