మరమనిషి తల వాల్చిన పదకొండు సెకన్లు

"నువ్వు నటించావా, రిపేరు చేశావా? ఏదో ఒకటి చెప్పు."

నిర్మాత ఇలా నిలదీస్తే మా వీధి ఫ్రిజ్ మెకానిక్ వేళ్లమీద లెక్క వేసుకున్నాడు. నటుడైతే రోజుకు నాలుగు వేలు, మెకానిక్ అయితే ఎనిమిది వందలు. పని చేసింది పద్దెనిమిది రోజులు. నటుడి రేటు వస్తే దుకాణం అద్దె బకాయి తీరుతుంది. రాకపోతే నెలాఖరుకు ఖాళీ చెయ్యాల్సిందే.

కళ అంటే తపస్సు అని నమ్మేవారికి ఈ కథ రుచించకపోవచ్చు. ఆ సినిమాలో కథంతా మరమనిషిదే. ఆ వేషానికి కుదిర్చిన నటుడు తొడుగులోని ఉక్కకు తాళలేక రెండోరోజే పరారయ్యాడు. తొడుగులోని మోటార్లు బాగుచెయ్యడానికి వచ్చిన ఇతనికి కొలతలు సరిపోయాయి. పైగా ఏది చెడినా లోపలినుంచే చూసుకుంటాడు. "దూరవయ్యా," అన్నాడు దర్శకుడు. దూరాడు.

సినిమాలో ఒకచోట, తనను తయారుచేసిన ముసలి శాస్త్రవేత్తను చంపడానికి మరమనిషి చెయ్యెత్తుతుంది. ఎత్తిన చెయ్యి కీచుమని గాల్లోనే ఆగిపోతుంది. తల మెల్లగా పక్కకు వాలుతుంది. పదకొండు సెకన్లు, అంతే. హాల్లో ముక్కులు చీదిన చప్పుడు నేనే విన్నాను, అందులో కొంత నాదే. ఇనుప డబ్బాకు ఇంత గుండె ఎక్కడిదని పత్రికలు రాశాయి. ఆ పత్రికలు చేతికిచ్చి భార్య అతన్ని నిర్మాత దగ్గరికి తోలింది.

"రేపు విలేకరులు వస్తున్నారు," అన్నాడు నిర్మాత. "వాళ్లముందు నటించానని చెప్పు, సినిమాకి పనికొస్తుంది. నటుడి రేటే ఇస్తా."

ఇంటి దగ్గర భార్య తర్ఫీదు మొదలుపెట్టింది.

"ఏమని చెబుతారు?"

"మనసులో బాధ తెచ్చుకున్నానని."

"ఎవర్ని తలుచుకుని?"

"మీ అన్నయ్యని."

"ఆయన నిక్షేపంలా ఉన్నాడుగా."

"అందుకే."

మర్నాడు ఒక విలేకరి అడిగింది: "ఆ క్షణంలో మీ మనసులో ఏముందండీ?"

అతను గొంతు సవరించుకుని, బాధ అనే మాట దాకా వచ్చాడు. ఈలోగా ఆమె, "ఆ మోటారు కూడా మీతోపాటు ఏడ్చినట్టుంది," అంది. పని సంగతిలో తప్పు మాట వింటే ఊరుకోలేని మనిషి మా మెకానిక్.

"ఏడుపు కాదమ్మా. భుజం బేరింగు అరిగి చెయ్యి పట్టేసింది. చప్పుడు ఎటునుంచొస్తోందా అని చెవి వంచి విన్నా. డైరెక్టరుగారేమో కట్ చెప్పలేదు."

"అంతేనా?"

"గ్రీజు సరిగ్గా ఉంటే ముసలాయన్ని చంపేసేవాణ్ణే."

వెనక కూర్చున్న భార్య నుదురు కొట్టుకుంది. నిర్మాత కడుపుబ్బా నవ్వాడు. రెండు రేట్ల తేడా యాభై ఏడు వేల ఆరువందలు మిగిలినవాడు నవ్వక ఏం చేస్తాడు?

శ్రద్ధగా వినే మనిషి మెడ ఎలా వాలుతుందో పెద్ద పెద్ద నటులకే పట్టుబడదు, అది పట్టుబడినవాడికి నటుడి రేటే ఇవ్వాలని నేను వెళ్లి వాదించాను. "అయితే మీరివ్వండి," అన్నాడు నిర్మాత.

దుకాణం పోయింది. ఇప్పుడు ఇంటి వరండాలోనే ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. మెకానిక్ రేటు లెక్కనైనా చేతికందింది పన్నెండు రోజులదే. మిగతా ఆరు రోజులకు నాలుగు వేల ఎనిమిది వందలు ఇంకా రావాలి.