ఎర వేసే ఉద్యోగం

ఆఫీసులో ఆమెను అందరూ గాలం అనేవారు. మొదట చాటుగా, తర్వాత ముఖం మీదే. మందుల షాపులకు సరుకు పంపే ఆ కంపెనీలో కంప్యూటర్లను దొంగల బారిన పడకుండా కాపాడడం ఆమె పని. అందులో భాగంగా తోటి ఉద్యోగులకు తానే దొంగ మెయిళ్లు పంపి, ఎవరు మోసపోతారో చూసేది. మోసపోయినవాళ్లను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేది.

"అంటే దొంగవీ నువ్వే, పోలీసువీ నువ్వే," అని భర్త ఆటపట్టించేవాడు. "ఇంతకీ జీతం ఎటువైపు నుంచి వస్తుందేంటి?"

గోడౌన్ లెక్కలు చూసే పెద్దావిడను అందరూ పిన్నిగారు అనేవారు. గాలం కడుపుతో ఉన్న రోజుల్లో తన క్యారేజీలో సగం పెట్టిన మనిషి. ఆవిడకు కంప్యూటరంటే భయం లేదు, తొందరే ఎక్కువ. అప్పటికి రెండుసార్లు ఎరకు చిక్కి, "మళ్లీ దొరికిపోయానా తల్లీ!" అని తనే నవ్వేసింది.

ఆ ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. మూడోసారి చిక్కినవాళ్ల ఉద్యోగం ఊడుతుందని నోటీసు అంటించాడు. గాలాన్ని పిలిచి, "మీ మెయిళ్లు చిన్నపిల్లలు కూడా పట్టేసేలా ఉన్నాయి. కాస్త గట్టిది తయారుచేయండి," అన్నాడు.

ఆమె గట్టిదే తయారుచేసింది. మీ కుటుంబ ఆరోగ్య బీమా రద్దయింది, కొనసాగాలంటే వెంటనే ఇక్కడ పాస్‌వర్డ్ ఇవ్వండి అని రాసింది. తన పనితనం చూసుకుని మురిసిపోయింది కూడా.

పిన్నిగారి భర్త గుండె ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరాడని ఆమెకు తెలియదు. ఆస్పత్రి వరండాలో ఆ మెయిలు చూసి, పిన్నిగారు గబగబా పాస్‌వర్డ్ కొట్టింది. ఆ వెంటనే గాలానికే ఫోన్ చేసింది.

"అమ్మా, బీమా పోయిందట. ఆయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లబోతున్నారు. ఎవర్ని అడగాలో తెలీడం లేదు. నువ్వైతే ఇవన్నీ తెలిసినదానివని..."

"అది నేను పంపిందే పిన్నిగారూ. ఉత్తదే. మీ బీమాకేం కాలేదు."

"నువ్వా?" అంది పిన్నిగారు. ఫోన్ పెట్టేసింది.

గాలం మేనేజరు దగ్గరకు పరుగెత్తింది. "సార్, దీన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆవిడున్న పరిస్థితిలో నేనైనా నొక్కేదాన్నే."

"దొంగలు మన పరిస్థితి చూసి వస్తారా? రూలంటే రూలే."

అయితే నన్నూ తీసేయండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఉద్యోగం పోయిన పిన్నిగారు ఒకరోజు వచ్చి, సొరుగులోని కళ్లజోడు, శాలువా సంచిలో వేసుకుని, ఆమె బల్ల పక్కనుంచే తల తిప్పకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత గాలం వస్తే భోజనాల గదిలో మాటలు ఆగిపోయేవి. ఇదివరకు అనుమానపు మెయిలు వస్తే, "ఇది నీ పనేనా?" అని తెచ్చి చూపించేవారు. అదీ మానేశారు. అందరూ జాగ్రత్త నేర్చుకున్నారని మేనేజరు సంతోషించాడు.

వానలు మొదలయ్యాక అసలు దొంగలు వచ్చారు. బిల్లులు రాసే గుమాస్తా పొద్దున్నే ఒక మెయిలు తెరిచాడు. తెర మీద ఫైళ్ల పేర్లు వాటంతటవే మారిపోవడం కళ్లారా చూశాడు. తెర ఆర్పేసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి కంపెనీలోని కంప్యూటర్లన్నీ తాళం పడి బిగుసుకుపోయాయి. గాలం వైర్లు పీకుతూ గదిగదికీ పరుగెత్తింది. ఇలాంటి రోజు కోసం విడిగా దాచిపెట్టిన ఫైళ్ల నకళ్లు కూడా అప్పటికే పాడైపోయాయి. మందుల వ్యాన్లు వానలో వరసగా నిలబడిపోయాయి.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు? ఆ ఒక్క కంప్యూటర్‌తో పోయేది కదా!" అని, మొదట పాడైన కంప్యూటర్ ఎవరిదో కనిపెట్టిన గాలం గుమాస్తాను అడిగింది.

"ఎలా చెప్పనక్కా?" అన్నాడు గుమాస్తా. "నాకప్పటికే రెండుసార్లయ్యాయి. పిన్నిగారి గతి చూశాం కదా."

సాయంత్రం, ఆ మెయిలు తెరిచింది ఎవరని మేనేజరు అరిచాడు. గాలం లేచి నిలబడింది. "ఎవరో నాకు తెలుసు, చెప్పను. ఆ మనిషి పొద్దున్నే చూసి కూడా మధ్యాహ్నం దాకా నోరెందుకు విప్పలేదో అడగండి. ఆ నోళ్లు మీరూ నేనూ కలిసే కుట్టేశాం."

కంపెనీ మళ్లీ కోలుకోలేదు. సగంమందిని ఇంటికి పంపేశారు. వాళ్లలో గుమాస్తా ఉన్నాడు, గాలమూ ఉంది.

ఒక ఆదివారం ఆమె పిన్నిగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆపరేషనైన భర్త కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. పిన్నిగారు మంచినీళ్లిచ్చింది, పాప ఎలా ఉందని అడిగింది. గాలం క్షమాపణ చెప్పబోతే, "నీ పని నువ్వు చేశావులే," అంది. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.