రోజమ్మ కోసిన రొట్టె

మా అమ్మ రోజమ్మకు కలకత్తా గార్డెన్ రీచ్‌లోని మా తెలుగు చర్చిలో పదవంటూ ఏమీ లేదు. నెలలో మొదటి ఆదివారం బల్లారాధనలో అందరికీ పంచే రొట్టె కోసేది మాత్రం ఆవిడే. శనివారం సాయంత్రం వీధి చివరి బేకరీ నుంచి పావురుటి, అంటే బ్రెడ్డు, తెచ్చి, అంచులు తీసేసి, చిన్న ముక్కలుగా కోసి తెల్లగుడ్డ కప్పుతుంది. సగం రొట్టె పక్కవాటాలో ఉండే పుష్పరాణి పిన్ని కోసేది. చుట్టరికం ఏమీ లేదు, అలవాటైన పిలుపు. ఇద్దరూ కబుర్లలో పడితే ఆ కాస్త పనీ ఎంతకీ తెమిలేది కాదు.

ఈ ఏడాది పిన్ని వేళ్ల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. చర్చి పెద్దగారి భార్య అమ్మను పక్కకు పిలిచి, "పిల్లలు కూడా తినీ రొట్టె గదా, ఆ సేతుల్తోటా?" అంది. చేపలవాడితో వీధంతా వినపడేలా పోట్లాడే మా అమ్మ అక్కడ నోరు మెదపలేదు. పైగా తనే వెళ్లి, "కొన్నాళ్లు రెస్టు తీసుకో రాణీ" అని పిన్నికి చెప్పి వచ్చింది. బొల్లి అంటుకోదని అమ్మకు బాగా తెలుసు. తెలిసీ అలా చేసిందని నాకు ఒళ్లు మండింది.

మొన్న శనివారం అమ్మ ఒక్కతే కోస్తోంది. ముక్కలు వంకరటింకరగా వస్తున్నాయి. నేను న్యూ టౌన్‌లో స్పానిష్, పోర్చుగీసు కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తాను. అమ్మ దిగులు మొహం చూడలేక నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. రొట్టెను లాటిన్‌లో పానిస్ అనేవారు. స్పెయిన్‌లో పాన్, ఇటలీలో పానె అయింది. పోర్చుగీసువాళ్లు తమ ఉచ్చారణలో పావ్ అంటూ హుగ్లీ నది దాకా మోసుకొచ్చారు. బెంగాలీవాళ్లు దానికి రుటి తగిలించి పావురుటి చేశారు, అంటే రొట్టె రొట్టె అన్నమాట. ఇంగ్లీషు కంపానియన్ కూడా అందులోంచే వచ్చింది, ముందున్న 'కం' అంటే కలిసి అని. ఫ్రెంచివాళ్లు స్నేహితుణ్ణి పిలిచే కొపాఁ అన్న మాటా అలా పుట్టిందే. మన నెత్తినెక్కిన దొరల కంపెనీ కూడా దాని సంతానమే.

"అంటే ఏటి? ఒక రొట్టి కలిసి తినీవోళ్లనా?" అంది అమ్మ.

"అంతే."

అమ్మ చాకు కింద పెట్టేసింది. "దాన్ని నానే దూరం సేసినానే, కారుణ్యా. ఎవరో ఏదో అంటే నోరు మూసుకున్నాను. అది నన్నేటీ అన్లేదు."

"ఆ మాట నాకెందుకు చెప్తావు? వెళ్లి పిన్నికి చెప్పు" అని కసిరాను. నాకూ ఏడుపొచ్చేలా ఉంది.

ఇద్దరం పక్కవాటాకు వెళ్లాం. పిన్ని ఆరిన బట్టలు మడతపెడుతోంది. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "తప్పయిపోనాది రాణీ. రా, కోద్దుం" అంది.

పిన్నిలో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"సేతులు నొప్పెట్టి నానే మానీసినానని అందరికీ సెప్పీసినానక్కా. నీ మీద మాట రాకూడదని. ఇప్పుడొచ్చి కోత్తే ఏటనుకుంటారు? నువ్వే కానిచ్చీ."

అమ్మ తిరిగొచ్చి మిగతా రొట్టె కోసింది.

మర్నాడు చర్చిలో పళ్లెం మా వరుసకు వచ్చింది. మా చర్చిలో ఎవరైనా రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్కకు ఇచ్చారంటే, ఏదో పాపం తేల్చుకోకుండా మిగిలిందని అర్థం. అమ్మ ముక్క తీసుకోకుండానే పళ్లెం పక్కనున్న పిన్ని చేతికి ఇచ్చేసింది. ముందు వరుసలోంచి చర్చి పెద్దగారి భార్య వెనక్కి తిరిగి చూసింది. పిన్ని ఒక ముక్క తీసుకుని, పళ్లెం ముందుకు పంపకుండా మళ్లీ అమ్మ ఒళ్లోకి జరిపింది.

"తీసుకో అక్కా," అంది మెల్లగా. "అందరూ సూత్తన్నారు."

అమ్మ తీసుకుంది. అందరూ లేచి పాట పాడుతున్నా, ఆ ముక్క మింగలేక అలాగే కూర్చుండిపోయింది.