ఆ వారం నేను చెయ్యని ఫోను

మొన్న మా కింది ఫ్లాట్ అమ్మాయి, ఫోస్టర్ కేర్ కింద ఓ పాపను ఇంటికి తెచ్చుకున్న సంబరంలో పైకొచ్చి, "ఆంటీ, కేస్ వర్కర్ మేడంకి ఎప్పుడెప్పుడు ఫోన్ చెయ్యాలె?" అని అడిగింది. అడిగి అడిగి నన్నే అడగాలా!

తార్నాకకు మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టుగా రిటైరై, మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్న ఇంటికి, తల్లి పోయిన ఏడేళ్ళ పాప వచ్చింది, సొంతవాళ్ళు దొరికేదాకా పెంచడానికి. గుడిసె ఖాళీ చేసి ఎటో వెళ్ళిన అమ్మమ్మ ఆచూకీ అప్పటికి తెలియదు. పిల్లల సంక్షేమ శాఖ తరఫున పాప బాగోగులు చూసే కేస్ వర్కర్ అమ్మాయి తన చేత్తో ఓ కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది: జ్వరం తగ్గకపోయినా, ఊరు దాటాలన్నా, బడిలో గొడవైనా, అన్నం మానేసినా, సొంతవాళ్ళెవరు కనబడినా ఆ రోజే ఫోన్ చెయ్యాలి. నేనా, పాప తుమ్మినా చేసేదాన్ని; పాపం ఆ అమ్మాయి విసుక్కోకుండా వినేది.

ఓ సాయంత్రం క్యాంపస్‌లో నడుస్తుంటే, హాస్టల్ గేటు ముందు ఊడుస్తున్న ముసలావిడను చూసి పాప నా చెయ్యి విదిలించుకుని, "అమ్మమ్మా!" అంటూ పరుగెత్తింది. అబ్బ, ఆ మొహం! నెలల తరబడి జడలేసి, ముద్దలు కలిపి పెట్టిన నాకు ఒక్కనాడైనా చూపించని మొహం. ఆవిడ దాని బుగ్గలు తడిమి ఏడుస్తుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండిపోయింది. చీకటి పడుతోందని వంక పెట్టి, మా ఇల్లెక్కడో కూడా చెప్పకుండా పిల్లను లాక్కొచ్చేశాను.

ఫోన్ చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. మావారు ఫ్రిజ్ వంక చూసి నా వంక చూస్తే, రేపు చేస్తాలెండి అని కసిరాను. నడక హబ్సిగూడ వైపు మార్చాను. "అమ్మమ్మ మళ్ల ఎప్పుడొస్తది?" అని పాప అడిగినప్పుడల్లా ఊరెళ్ళిందని అబద్ధమాడాను. నాలుగో రోజు నుంచి పిల్ల కంచం పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. కాగితంలో అదీ ఉంది, తెలుసు.

వారం తిరిగాక, నెలకోసారి చూసిపోవడానికి వచ్చిన కేస్ వర్కర్‌కి పాపే చెప్పేసింది. ఆ అమ్మమ్మ కోసమే నాలుగు నెలలుగా తిరుగుతున్నానని మాత్రం అంది ఆ అమ్మాయి, తిట్టినా బాగుండేది. అమ్మమ్మ ఆ వారమంతా సాయంత్రాలు ఆ గేటు దగ్గరే నిలబడి మా కోసం చూసేదని తర్వాత తెలిసింది. విచారణలన్నీ అయ్యాక పాప బౌద్ధనగర్‌లో ఆవిడ గదికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితాల్లేవు, అన్నీ వాట్సాప్‌లోనేనట. దాచాలనుకునేవాళ్ళు అక్కడా దాచేస్తారు. అందుకే కింది ఫ్లాట్ అమ్మాయితో, నీకు ఏ రోజు చెయ్యబుద్ధి కాదో ఆ రోజు తప్పకుండా చెయ్యమ్మా అన్నాను.

మా పాపకిప్పుడు ఇంటర్. నిన్న వచ్చి నా చేతి పప్పన్నం తిని, "మా అమ్మమ్మ ఇంకా మంచిగ చేస్తది ఆంటీ" అంది. ఇన్నేళ్ళయినా నాలో ఆ కుళ్ళు పోలేదు, ఏం చెయ్యను! బస్సెక్కించి, ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యమన్నాను. దీపాలు పెట్టేదాకా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని బాల్కనీలోనే కూర్చున్నాను. చెయ్యలేదు.